ఇంటి కొలనుకు ఉప్పు క్లోరినేటర్: ఓరుగల్లు బోరు నీళ్లతో అమరిక, నిర్వహణ

హనుమకొండలో ఇంటి కొలనుల యజమానులు, ప్లంబర్లు, ఎలక్ట్రీషియన్ల కోసం ఏర్పాటైన అవగాహన సభలో ఒక రసాయనశాస్త్ర అధ్యాపకుడు చేసిన ప్రసంగ పాఠం

సభకు విచ్చేసిన పెద్దలకు, కొలనుల నిర్వహణను వృత్తిగా చేసుకున్న సోదరులకు, ఈ విషయం తెలుసుకోవాలన్న ఆసక్తితో వచ్చిన తల్లులకు, విద్యార్థులకు నమస్కారం.

కొన్నేళ్లుగా హనుమకొండ, కాజీపేట, ధర్మసాగర్, హసన్‌పర్తి చుట్టుపక్కల ఇళ్లలోనూ ఫాంహౌసుల్లోనూ ఈత కొలనులు కట్టించుకునేవారు పెరుగుతున్నారు. వారిలో చాలామంది డబ్బాల కొద్దీ మందు పోసే బాధ ఉండదన్న ఆశతో ఉప్పు క్లోరినేటర్ వైపు మొగ్గుతున్నారు. కొనేటప్పుడు వారికి వినిపించే మాట సాధారణంగా ఒకటే: “ఇక క్లోరిన్ అక్కరలేదు, ఉప్పు వేస్తే చాలు.” ఈ మాటలో మొదటి సగం తప్పు, రెండో సగం అరకొర. ఉప్పు కొలను కూడా క్లోరిన్ కొలనే. ఆ క్లోరిన్‌ను దుకాణంలో కొనకుండా మన పైపులోనే తయారు చేసుకుంటున్నాం, అంతే తేడా. యంత్రం క్లోరిన్ తయారు చేయగలదు గానీ నీటి బాగోగులు చూడలేదు. మన బోరు నీళ్లకు, మన ఎండకు తగినట్టు నీటిని సిద్ధం చేసుకున్న ఇంట్లో అది ఏళ్ల తరబడి చక్కగా పనిచేస్తుంది. అలా సిద్ధం చేయని ఇంట్లో రెండో ఎండాకాలం రాకముందే దాని పలకలకు సున్నం పడుతుంది. ఈ రోజు నేను చెప్పదలచుకున్నదంతా ఈ సంగతి చుట్టూనే తిరుగుతుంది.

యంత్రంలో రెండు భాగాలుంటాయి. గోడకు బిగించే పెట్టె 230 వోల్టుల ఏసీ కరెంటును తీసుకొని తక్కువ వోల్టుల డీసీగా మారుస్తుంది. పైపు మధ్యలో అమర్చే సెల్‌లో టైటానియం పలకలు వరుసగా నిలబడి ఉంటాయి. వాటి మధ్యగా ఉప్పు కలిసిన నీరు ప్రవహిస్తున్నప్పుడు కరెంటు పంపితే ధన ధ్రువం వద్ద క్లోరిన్, రుణ ధ్రువం వద్ద హైడ్రోజన్, దానితోపాటు సోడియం హైడ్రాక్సైడ్ ఏర్పడతాయి. క్లోరిన్ నీటిలో కరిగిన వెంటనే హైపోక్లోరస్ ఆమ్లంగా మారుతుంది, సూక్ష్మక్రిములను చంపేది ఇదే. తన పని చేసిన తరువాత క్లోరిన్ అధిక భాగం మళ్లీ క్లోరైడుగా, అంటే ఉప్పులోని భాగంగానే, నీటిలో మిగిలిపోతుంది. అందువల్ల ఈ ప్రక్రియలో ఉప్పు ఖర్చయిపోదు. కొలను నుంచి ఉప్పు తగ్గిందంటే అది నీటితోపాటు బయటికి పోయిందని అర్థం. ఆవిరితో మాత్రం ఉప్పు పోదు.

ఇంత చిన్న పరికరంలో ఈ పని సాధ్యం కావడానికి పలకల మీద ఉన్న పూతే కారణం. పూత లేని టైటానియం ధన ధ్రువంగా పెడితే దాని మీద ఆక్సైడు పొర ఏర్పడి కరెంటును అడ్డుకుంటుంది. 1960వ దశకంలో హెన్రీ బీర్ అనే శాస్త్రవేత్త టైటానియం మీద రుథీనియం ఆక్సైడు వంటి లోహ ఆక్సైడుల పూత వేసి ఈ చిక్కును విప్పారు. పెద్ద పెద్ద క్లోరిన్ కర్మాగారాల రూపురేఖలు మార్చిన ఆ పూతే ఈ రోజు మన ఇంటి సెల్‌లోనూ ఉంది. సెల్‌కు మనం పెట్టే డబ్బు దాదాపుగా ఆ పలుచని పూతకు పెట్టే డబ్బే. అది అరిగిపోయిన రోజున పలకలు మెరుస్తూనే ఉంటాయి, క్లోరిన్ మాత్రం రాదు. సెల్ ఆయుష్షును తయారీదారులు గంటల్లో చెబుతారు. మంచి సెల్‌కు పది వేల గంటలు అనుకుంటే, రోజుకు ఎనిమిది గంటల చొప్పున అది మూడేళ్ల పైచిలుకు వస్తుంది. ఈ లెక్క గుర్తుంటే ఎంత సామర్థ్యం ఉన్న యంత్రం కొనాలన్నది తేలికగా తేలుతుంది.

పది మీటర్ల పొడవు, నాలుగు మీటర్ల వెడల్పు, సగటున 1.3 మీటర్ల లోతు ఉన్న కొలనును తీసుకుందాం. దానిలో 52 ఘనపు మీటర్లు, అంటే 52 వేల లీటర్ల నీరు పడుతుంది. మే నెలలో మన ఎండకు, ఈదేవారి చెమటకు, గాలిదుమ్ముకు కలిపి రోజుకు లీటరుకు నాలుగు మిల్లీగ్రాముల క్లోరిన్ ఖర్చయినా ఆశ్చర్యం లేదు. దానినే మనం 4 పీపీఎం అంటాం. 52 ఘనపు మీటర్లకు అది 208 గ్రాములు. గంటకు 20 గ్రాములు ఇచ్చే యంత్రం ఈ పనికి పదిన్నర గంటలు నూటికి నూరు శాతం మీద నడవాలి. గంటకు 30 గ్రాములు ఇచ్చేదయితే ఏడు గంటల్లో ముగిస్తుంది. చలికాలంలో ఇదే కొలనుకు అందులో మూడో వంతు కూడా అవసరపడకపోవచ్చు. కాబట్టి మీ కొలనుకు సరిగ్గా సరిపోతుందని పెట్టె మీద రాసిన యంత్రం కన్నా ఒకటిన్నర రెట్ల సామర్థ్యం ఉన్నదాన్ని కొనండి. చిన్న యంత్రాన్ని రోజంతా ఉరికించడం కన్నా పెద్దదాన్ని నింపాదిగా నడపడం సెల్‌కూ మేలు, కరెంటు బిల్లుకూ మేలు. ఎందుకంటే సెల్ తీసుకునేది వంద, రెండు వందల వాట్లే, దానితోపాటు నడవక తప్పని పంపు తీసుకునేది దానికి ఎన్నో రెట్లు.

ఇక అమరిక. పంపు నుంచి వచ్చిన నీరు ఫిల్టర్ దాటి, హీటర్ ఉంటే అదీ దాటి, అన్నిటికన్నా చివరన సెల్‌లోకి రావాలి, అక్కడి నుంచి నేరుగా కొలనులోకి పోవాలి. సెల్‌లో క్లోరిన్‌తోపాటు హైడ్రోజన్ వాయువు కూడా పుడుతుందని ఇందాక చెప్పాను. నీరు ప్రవహిస్తున్నంతసేపు ఆ బుడగలు కొలనులోకి వెళ్లి గాలిలో కలిసిపోతాయి, ప్రమాదం లేదు. ప్రవాహం ఆగిపోయినా కరెంటు ఆగకపోతే మాత్రం వాయువు పైపులో పోగుపడుతుంది, సెల్ పగిలిపోయే ప్రమాదం ఉంది. దీన్ని అడ్డుకోవడానికే, నీటి ప్రవాహం ఆగగానే సెల్‌కు కరెంటు ఆపే ఫ్లో స్విచ్ ఉంటుంది. ఎలక్ట్రీషియన్ సోదరులకు నా విన్నపం ఏమిటంటే, ఆ స్విచ్ మాటిమాటికీ ట్రిప్పవుతోందని యజమాని విసుక్కున్నా సరే, దాన్ని ఎట్టి పరిస్థితిలోనూ బైపాస్ చేయకండి. పంపు, సెల్ రెండూ ఒకే టైమరు కింద, పంపు ఆగితే సెల్ ఆగిపోయేలా కలపండి. ఊరి పొలిమేరల్లో కరెంటు పోయి వచ్చినప్పుడు పంపులో నీరు దిగిపోయి ఉట్టిగా తిరగడం మీకు తెలిసిన విషయమే. ఆ వేళ ఇంట్లో ఎవరూ లేకపోయినా కాపాడేది ఆ చిన్న స్విచ్చే. ఫ్లో స్విచ్‌కు ముందు పైపు కొంత దూరం వంపు లేకుండా తిన్నగా ఉండాలి. మోచేతి వంపు పక్కనే బిగిస్తే సుడి తిరిగే నీటికి అది తప్పుడు సంకేతం ఇస్తుంది.

పెట్టెకు వెళ్లే లైనుకు, కరెంటు లీకైతే వెంటనే సరఫరా ఆపే 30 మిల్లీ ఆంపియర్ల ఆర్‌సీసీబీ, సరైన ఎర్తింగు తప్పనిసరి. కొలను నిచ్చెన, చేతిపట్టీలు, పంపు బాడీ వంటి లోహ భాగాలన్నిటినీ ఒకే తీగతో కలిపి సమాన విద్యుత్ స్థితిలో ఉంచాలి. ఉప్పు నీరు మామూలు నీటికన్నా ఎన్నో రెట్లు మెరుగైన విద్యుత్ వాహకం, కాబట్టి ఈ కలపడంలో లోపం ఉంటే మనుషులకు ప్రమాదం, నిచ్చెనకు తుప్పు. కొలను అంచు రాయి విషయంలోనూ ఇక్కడే ఒక మాట చెబుతాను. కరీంనగర్ గ్రానైటు ఉప్పును చాలావరకు తట్టుకుంటుంది. తాండూరు బండ సున్నపురాయి జాతిది, ఉప్పు నీరు దానిలోకి ఇంకి, ఎండి, స్ఫటికాలుగా మారుతూ ఉంటే పొరలు పొరలుగా లేస్తుంది, ఆమ్లం చుక్క పడితే మచ్చ పడుతుంది. మీరు ఇంకా కట్టే దశలో ఉంటే గ్రానైటే వేయించుకోండి.

ఇప్పుడు అసలు విషయానికి, నీటికి వస్తాను.

మన ఓరుగల్లు ప్రాంతమంతా గ్రానైటు రాతి నేల. బోర్లలో నీరు రాతి పగుళ్లలో నిలిచి ఉండేది. చాలా చోట్ల దానిలో కాల్షియం, మెగ్నీషియం, బైకార్బొనేట్లు ఎక్కువ. బకెట్లో పెట్టిన వాటర్ హీటర్ రాడ్డు మీద నాలుగు నెలల్లో తెల్లటి పెచ్చు ఎలా కడుతుందో మీ అందరి ఇళ్లలో చూసే ఉంటారు, సెల్ పలకల మధ్య జరిగేదీ అలాంటిదే. రాడ్డు దగ్గర వేడి ఆ పని చేస్తే, సెల్‌లో రుణ ధ్రువపు పలకను ఆనుకొని ఉన్న పలుచని నీటి పొరలో క్షారగుణం విపరీతంగా పెరగడం ఆ పని చేస్తుంది. కాల్షియం కార్బొనేటు అక్కడికక్కడే గట్టిపడి పలకకు అంటుకుంటుంది. నేటి యంత్రాలు కొన్ని గంటలకోసారి ధ్రువాలను తారుమారు చేస్తాయి. నిన్నటి రుణ ధ్రువం నేడు ధన ధ్రువమైతే దాని దగ్గర ఆమ్లగుణం పుట్టి, అంటుకున్న సున్నం వదులై రాలిపోతుంది. కొలను అడుగున తెల్లటి రేకుల వంటివి కనిపిస్తే అవి ఇలా రాలినవే. అయితే ప్రతి తారుమారుకూ పూత కొంచెం అరుగుతుంది. నీళ్లలో సున్నం ఎక్కువని చెప్పి రెండు గంటలకోసారి ధ్రువాలు మార్చేలా పెడితే పలకలు శుభ్రంగా ఉంటాయి గానీ వాటి ఆయుష్షు తరిగిపోతుంది. మందు పలకల దగ్గర లేదు, నీటిలోనే ఉంది.

మొదట నింపేటప్పుడు నీటి కాఠిన్యాన్ని, అంటే అందులోని కాల్షియం, మెగ్నీషియంల మోతాదును, పరీక్ష చేయించనివారు అరుదు. ఆ తరువాత పోసే నీటిని ఎవరూ లెక్క వేయరు. మన ఎండాకాలంలో కొలను నుంచి రోజుకు ఎనిమిది మిల్లీమీటర్ల నీరు ఆవిరవుతుందనుకుందాం. నలభై చదరపు మీటర్ల కొలనుకు అది 320 లీటర్లు. పోయేది స్వచ్ఛమైన నీటి ఆవిరి, దాని బదులు మనం పోసేది బోరు నీరు. ఆ బోరు నీటి కాఠిన్యం 400 పీపీఎం అయితే రోజూ 128 గ్రాముల సున్నపు సరుకును కొలనులో వేస్తున్నట్టే. మొత్తం నీటిలో కాఠిన్యం రోజుకు రెండున్నర పీపీఎం చొప్పున, మార్చి నుంచి మే దాకా మూడు నెలల్లో రెండు వందల ఇరవై పీపీఎం మేర పెరుగుతుంది. 300 దగ్గర మొదలైన కొలను వానలు పడే నాటికి 500 దాటుతుంది. యంత్రం చెడిపోయిందని అంతా అనుకునేది సరిగ్గా అప్పుడే.

దీనికి మూడు దారులున్నాయి. ఇంటికి వాటర్ సాఫ్ట్‌నర్ ఉంటే ఆవిరి నష్టాన్ని పూడ్చే నీటిని దాని నుంచే పోయండి. సాఫ్ట్‌నర్ కాల్షియాన్ని తీసి సోడియం ఇస్తుంది, ఉప్పు కొలనుకు సోడియం పరాయిది కాదు. రెండోది వాన నీరు. మన దగ్గర ఏటా సుమారు వెయ్యి మిల్లీమీటర్ల వాన పడుతుంది, వంద చదరపు మీటర్ల డాబా మీద ఒక్క సెంటీమీటరు వాన పడితే వెయ్యి లీటర్లు. మొదటి జల్లు మురికిని వదిలేసి, తరువాతి నీటిని వడపోసి సంపులో నిల్వ చేసుకుంటే కాఠిన్యం దాదాపు లేని నీరు చేతిలో ఉంటుంది. మూడోది అన్నిటికన్నా చవక: కొలనుకు కప్పు వేయడం. వాడని వేళల్లో కప్పి ఉంచితే ఆవిరే తగ్గుతుంది, పోయవలసిన నీరే తగ్గుతుంది. తాగడానికి వచ్చే నల్లా నీళ్లు మెత్తగా ఉంటాయని వాటితో కొలను నింపే ఆలోచన మాత్రం చేయకండి. ఎండాకాలంలో బిందెలు పట్టుకొని నిలబడే బస్తీలు మన ఊళ్లోనే ఉన్నాయి.

ఉప్పు ఎంత వేయాలన్నది యంత్రాన్ని బట్టి ఉంటుంది. చాలా యంత్రాలకు 2,700 నుంచి 3,400 పీపీఎం మధ్య ఉండాలి, 3,200 దగ్గర పెట్టుకోవడం మంచిది. సముద్రపు నీటిలో ఉండేది సుమారు 35,000 పీపీఎం, అంటే మన కొలను దానిలో పదో వంతు కూడా కాదు. అందుకే కళ్లు మండవు, నాలుకకు లీలగా తప్ప ఉప్పదనం తెలియదు. మన 52 వేల లీటర్ల కొలనుకు ఏమీ లేని నీటి నుంచి మొదలుపెడితే 166 కిలోలు కావాలి. బోరు నీటిలో ముందే 400 పీపీఎం ఉప్పు ఉంటే 146 కిలోలు చాలు. ఆ 400ను టీడీఎస్ మీటరుతో తేల్చకండి, అది సున్నాన్ని కూడా కలిపి చూపిస్తుంది. క్లోరైడును కొలిచే పరీక్ష చేయించండి. ఉప్పు తక్కువైతే ఇంకొంత వేయవచ్చు, ఎక్కువైతే నీళ్లు పారబోయడం తప్ప మార్గం లేదు, కాబట్టి లెక్కకు పది కిలోలు తక్కువ వేసి, ఒక రోజు ఆగి, మళ్లీ కొలిచి మిగతాది వేయండి.

అంగట్లో దొరికే దొడ్డుప్పు వద్దు. దానిలో కాల్షియం, మెగ్నీషియం లవణాలు, మట్టి ఉంటాయి, మనం తప్పించుకోవాలనుకుంటున్న సున్నాన్నే బస్తాల కొద్దీ మోసుకొచ్చినట్టవుతుంది. వంటింటి అయోడిన్ ఉప్పు కూడా వద్దు, అది గడ్డకట్టకుండా కలిపే పదార్థాలు మరకలకు కారణమవుతాయి. అయోడిన్ కలపని, 99 శాతానికి పైగా స్వచ్ఛత ఉన్న శుద్ధి చేసిన ఉప్పు అడగండి. కొత్తగా ప్లాస్టరు చేసిన కొలనయితే అది పూర్తిగా గట్టిపడేందుకు కనీసం నాలుగు వారాలు ఉప్పు ఊసెత్తకండి. వేసేటప్పుడు సెల్ ఆపి, పంపు మాత్రమే నడుపుతూ, కొలను చుట్టూ నడుస్తూ చల్లండి. అడుగున కుప్పగా పడ్డదాన్ని బ్రష్షుతో కదిలించండి, ఒక రోజంతా నీరు తిరిగిన తరువాతే సెల్ ఆన్ చేయండి. ఆ లోపల కొలనుకు కావలసిన క్లోరిన్‌ను ద్రవ రూపంలో ఉన్న సోడియం హైపోక్లోరైటుతో ఇవ్వండి. బ్లీచింగ్ పౌడరు వాడితే మళ్లీ కాల్షియమే కలుస్తుంది.

ఉప్పు తరువాత కావలసింది సైన్యూరిక్ ఆమ్లం, బజారులో స్టెబిలైజర్ అంటారు. మన దగ్గర ఉప్పు కొలనుల్లో దీన్ని మరిచినంతగా మరే విషయాన్నీ మరవరు. ఎండలోని అతినీలలోహిత కిరణాలు కాపుదల లేని క్లోరిన్‌ను రెండు గంటల్లోనే దాదాపు మొత్తం తినేస్తాయి. సెల్ గంటగంటకూ కొద్దికొద్దిగా ఇచ్చేదంతా పైన పుట్టి పైనే పోతుంది. స్టెబిలైజర్ క్లోరిన్‌ను తనతో కట్టివేసుకొని, అవసరమైనప్పుడు కొద్దికొద్దిగా విడుదల చేస్తుంది. ఉప్పు కొలనుకు ఇది 60 నుంచి 80 పీపీఎం ఉండాలి. మన కొలనుకు 70 కావాలంటే 3.6 కిలోలు. అది తొందరగా కరగదు కాబట్టి గుడ్డ సంచిలో కట్టి, నీరు కొలనులోకి వచ్చే చోట వేలాడదీసి, మధ్యమధ్యలో పిసుకుతూ ఉండాలి. ఎక్కువయితే క్లోరిన్ మొద్దుబారుతుంది, అప్పుడూ నీరు మార్చడమే దిక్కు. స్టెబిలైజర్ ఎంత ఉందో దానిలో అయిదు శాతం ఉచిత క్లోరిన్, అంటే ఇంకా ఖర్చు కాకుండా పనికి సిద్ధంగా ఉన్న క్లోరిన్, ఎల్లప్పుడూ నీటిలో ఉండాలన్నది పాటించదగ్గ నియమం: 70కి మూడున్నర, కాస్త పైగా నాలుగు. అమెరికా ప్రభుత్వ ప్రజారోగ్య సంస్థ సీడీసీ కూడా స్టెబిలైజర్ వాడే కొలనులకు కనీసం 2 పీపీఎం క్లోరిన్ ఉండాలని చెబుతుంది. ఎండ దంచే ఇంటి కొలనులో ఆ కనీసం దగ్గర ఆగిపోకూడదని నా అభిప్రాయం.

ఇక నీటి ఆమ్ల, క్షార గుణాలను చెప్పే కొలత, పీహెచ్ సంగతి. ఉప్పు కొలనులో పీహెచ్ ఎప్పుడూ పైకే పోతుంది. దానికి సోడియం హైడ్రాక్సైడ్ కారణమని చాలామంది అనుకుంటారు గానీ, క్లోరిన్ తన పని చేసి క్లోరైడుగా మారేటప్పుడు ఆ క్షారం లెక్క చాలావరకు సరిపోతుంది. అసలు కారణం హైడ్రోజన్ బుడగలు. అవి నీటిని కలియబెట్టి అందులో కరిగి ఉన్న కార్బన్ డయాక్సైడును వెళ్లగొడతాయి. బైకార్బొనేట్లు ఎంత ఎక్కువ ఉంటే ఈ పెరుగుదల అంత వేగం. అందుకే మామూలు కొలనులకు 100, 120 పీపీఎం క్షారతను, అంటే బైకార్బొనేట్ల మోతాదును, సిఫారసు చేసేవారి మాట ఇక్కడ చెల్లదు. ఉప్పు కొలనులో దాన్ని 60 నుంచి 80 మధ్యకు దించుకోండి. పీహెచ్‌ను 7.4 నుంచి 7.7 మధ్య ఉంచండి. స్టెబిలైజర్ లేని నీటిలో పీహెచ్ 7.5 దగ్గర క్లోరిన్‌లో సగం చురుకైన రూపంలో ఉంటే, 8 దగ్గర నాలుగో వంతే ఉంటుంది. స్టెబిలైజర్ ఉన్నప్పుడు ఆ తేడా అంతగా ఉండదు, కానీ పీహెచ్ పెరిగితే సున్నం గట్టిపడటం మాత్రం ఏ కొలనులోనైనా ఎక్కువవుతుంది. 7.8 నుంచి 7.5కు దించడానికి మన కొలనుకు సుమారు అర లీటరు గాఢ హైడ్రోక్లోరిక్ ఆమ్లం సరిపోతుంది. సగం పోసి, పంపు గంటసేపు నడిపి, కొలిచి మిగతాది పోయాలి. ఆమ్లాన్ని పంపు నడుస్తుండగా నీరు వచ్చే చోట నెమ్మదిగా పోయండి, ద్రవ క్లోరిన్‌తో, బ్లీచింగ్ పౌడరుతో ఒకే బకెట్టు, ఒకే మగ్గు, ఒకే అలమర వాడకండి. ఆ రెండూ కలిస్తే వెలువడేది ఊపిరితిత్తులను కాల్చే క్లోరిన్ వాయువు.

రోజువారీగా చేయవలసింది పెద్దగా లేదు. వారంలో రెండుసార్లు ఉచిత క్లోరిన్, పీహెచ్, నెలకోసారి క్షారత, కాఠిన్యం, స్టెబిలైజర్, ఉప్పు కొలవండి. పసుపు రంగు చూపే ఓటీ పరీక్ష మొత్తం క్లోరిన్‌ను కొలుస్తుందే తప్ప ఉచిత క్లోరిన్‌ను విడదీసి చెప్పదు, కాబట్టి డీపీడీ కిట్టు కొనుక్కోండి. యంత్రం నడిచే వేళలను ఉదయం కొంత, సాయంత్రం కొంతగా పంచండి. పొద్దుగూకాక తయారయ్యే క్లోరిన్‌ను ఎండ తినదు, తెల్లవారేసరికి నీటిలోనే ఉంటుంది. నీరు మబ్బుగా ఉన్నట్టు అనుమానం వస్తే ఒక రాత్రి ఈ పరీక్ష చేయండి: సూర్యుడు అస్తమించాక సెల్ ఆపి క్లోరిన్ కొలవండి, పంపు నడవనివ్వండి, తెల్లవారుజామున ఎండ తగలకముందే మళ్లీ కొలవండి. ఒక పీపీఎం కన్నా ఎక్కువ తగ్గితే నాచు పుట్టడం మొదలయిందని అర్థం. అప్పుడు యంత్రం మీద బూస్ట్ మీట నొక్కి కూర్చోవద్దు, అది అంత వేగంగా ఇవ్వలేదు. ద్రవ క్లోరిన్ పోసి, గోడలు రుద్ది, నీరు తేరుకున్నాక పనిని మళ్లీ సెల్‌కు అప్పగించండి.

యంత్రం తెర మీద “ఉప్పు తక్కువ” అని వస్తే వెంటనే బస్తా విప్పకండి. యంత్రం ఉప్పును నేరుగా చూడదు, పలకల మధ్య పారే కరెంటును చూసి అంచనా వేస్తుంది. పలకల మీద సున్నం కట్టినా, నీరు చల్లబడినా, పూత అరిగినా కరెంటు తగ్గి అదే సంకేతం వస్తుంది. డిసెంబరు, జనవరిలో ఆదిలాబాద్ వైపు కొలనుల్లో ఇది మరీ ఎక్కువ. ముందు విడిగా ఉప్పు పరీక్ష చేయండి. ఉప్పు సరిగ్గా ఉంటే సెల్ విప్పి పలకల మధ్య వెలుతురు పెట్టి చూడండి. తెల్లగా పేరుకొని ఉంటేనే కడగాలి, లేకపోతే ముట్టుకోవద్దు. నాలుగు పాళ్ల నీటిలో ఒక పాలు ఆమ్లం కలపండి, ఎప్పుడూ నీటిలో ఆమ్లం పోయాలి తప్ప ఆమ్లంలో నీరు పోయరాదు. ఆరుబయట, చేతులకు గ్లౌజులు, కళ్లకు అద్దాలు పెట్టుకొని సెల్‌లో పోయండి. సున్నం ఉన్నంతసేపు బుసబుసమని నురగ లేస్తుంది. అది ఆగగానే, ఎట్టి పరిస్థితిలోనూ పదిహేను నిమిషాలు దాటకుండా, ఒంపి కడిగేయండి. ఇనుప చువ్వతో గోకితే సున్నంతోపాటు పూత కూడా పోతుంది. ఉప్పు సరిగ్గా ఉండి, పలకలు శుభ్రంగా ఉండి, నీరు వెచ్చగా ఉండి కూడా అదే సంకేతం వస్తుంటే, సెల్ కాలం తీరిందన్నమాట.

వానాకాలంలో లెక్కలు తారుమారవుతాయి. 2023 జూలై చివర ములుగు జిల్లా లక్ష్మీదేవిపేటలో ఒక్క రోజులో సుమారు 650 మిల్లీమీటర్ల వాన కురిసిన సంగతి మీకు తెలుసు. మన 1.3 మీటర్ల కొలను లోతులో అది సగం. అంత వాన నీటిలో పూర్తిగా కలుస్తూ పొర్లిపోతే ఉప్పులో అయిదింట మూడు వంతులే మిగులుతుంది, స్టెబిలైజర్ కూడా అంతే. మామూలు ముసురుకు ఇంత నష్టం ఉండదు, వాన నీరు తేలిక కాబట్టి పైపైనే పొర్లిపోతుంది. పెద్ద వాన వెలిశాక ఒక రోజు పంపు తిప్పి, అన్నీ కొలిచి, తరువాతే ఉప్పు వేయండి.

పొర్లిన నీరు, బ్యాక్‌వాష్ నీరు (ఫిల్టర్‌లోకి నీటిని ఎదురు తిప్పి మురికిని కడిగినప్పుడు బయటికి పోయేది) ఎక్కడికి పోతున్నాయన్నది చివరగా చెబుతాను, ఎందుకంటే దీని గురించి అమ్మేవారు అసలు మాట్లాడరు. ఈ పరిమాణపు కొలనుకు ఇసుక ఫిల్టర్‌ను మూడు నిమిషాలు బ్యాక్‌వాష్ చేస్తే సుమారు 700 లీటర్లు బయటికి పోతాయి. దానిలో రెండు కిలోల పైచిలుకు ఉప్పు ఉంటుంది. వారానికోసారి చేస్తే ఏడాదికి నూట పదిహేను కిలోలు. ఫాంహౌసుల్లో ఈ పైపు చాలాసార్లు పక్కనున్న మామిడి పాదులోకో, వరి మడి కాలువలోకో తెరిచి ఉంటుంది. 3,200 పీపీఎం ఉప్పు నీటి విద్యుత్ వాహకత మీటరుకు 6 డెసిసీమెన్ల దగ్గర ఉంటుంది, నేలలో అది 3 దాటితేనే వరి దిగుబడి తగ్గడం మొదలవుతుంది. మామిడి క్లోరైడును ఇంకా తక్కువగా ఓర్చుకుంటుంది, ముందుగా ఆకు అంచులు మాడిపోతాయి. ఇంకుడు గుంతలోకి వదిలితే మరీ ప్రమాదం. మన రాతి నేలలో పగుళ్ల వెంట ఆ ఉప్పు నేరుగా బోరులోకి, మనదాంట్లోకే కాదు, పక్కింటివారి బోరులోకి కూడా దిగుతుంది, ఒకసారి దిగిన ఉప్పును తీసే ఉపాయం ఇంటి స్థాయిలో లేదు.

కాబట్టి కట్టేటప్పుడే ఇసుక ఫిల్టర్ బదులు కార్ట్రిడ్జ్ ఫిల్టర్ పెట్టించుకోండి, దాన్ని విప్పి కొద్ది నీటితో కడుక్కుంటే చాలు, బ్యాక్‌వాష్ ఉండదు. ఇసుక ఫిల్టరే ఉంటే తేదీ చూసి బ్యాక్‌వాష్ చేయకుండా, ప్రెషర్ గేజు శుభ్రంగా ఉన్ననాటి కన్నా నాలుగో వంతు పెరిగినప్పుడే చేయండి. ఊళ్లో ఉన్నవారు ఆ పైపును మురుగు కాలువకు, అంటే భూగర్భ డ్రైనేజీ ఉన్నచోట దానికి కలపండి, వాన నీటి మోరీకి కాదు, ఎందుకంటే ఆ మోరీలు చివరికి మన చెరువుల్లోకే పోతాయి. డ్రైనేజీ లేని ఫాంహౌసుల్లో బ్యాక్‌వాష్ నీటి కోసం అడుగున షీటు పరిచిన, లోతు తక్కువగా ఉన్న చిన్న తొట్టి కట్టి, ఎండాకాలంలో నీరు ఆవిరయ్యాక మిగిలిన ఉప్పు పెచ్చును ఎత్తేయండి. వానాకాలంలో దాని మీద రేకు కప్పు వేయించండి. ఇక మీ మీ కొలనుల గురించి అడగవలసినవి ఉంటే అడగండి, నీటి పరీక్ష కాగితాలు తెచ్చుకున్నవారు ముందు వరుసలోకి రండి.